మూడో అర, నాలుగో అర

కొత్త సర్వర్‌కు పసుపు రాస్తున్నప్పుడు స్రవంతి గది బయట నిలబడి ఉంది.

ఆ యంత్రం గురించి ఆమెకు తెలిసినంతగా తెలిసినవాళ్లు మిర్యాలగూడలోని ఆ ట్రస్టు ఆసుపత్రిలో ఇంకొకరు లేరు. అట్టపెట్టె విప్పింది ఆమె. గోడవార బిగించింది ఆమె. మూడు రోజులు తంటాలు పడి అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించింది కూడా ఆమే. అయినా శుక్రవారం ఉదయం సూర్యాపేటలోని అదే ట్రస్టు పెద్దాసుపత్రి నుంచి సిస్టమ్స్ ఇన్‌చార్జి సుధాకర్ కారు దిగి, వెంట పంతులుతో, ఇద్దరు ట్రస్టు పెద్దలతో లోపలికి వస్తుంటే, అటెండర్ రామలింగయ్య ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

“బిడ్డా, జర పది నిమిషాలు బయట నిలబడరాదు. మీరు చర్చికి పోయేటోళ్లాయె. సారు చెప్పమన్నడు, నా మీద కోపం జెయ్యకు.”

“నేను దేన్నీ ముట్టుకోను తాతా. మూలకు నిలబడ్త.”

“మూలకు గూడ వద్దంటున్నడు.”

చర్చి ఒక సాకు. చర్చికి వెళ్లే హెడ్ నర్సు ఒకామె హారతి పళ్లెం పట్టుకుని లోపలే ఉంది. స్రవంతి వేములపల్లిలో ఏ వాడ నుంచి వచ్చిందో సుధాకర్‌కు ఆమె కాగితాలు చూసిన రోజే తెలిసింది. ఈ కాలంలో ఎవరూ నోరు తెరిచి కులం పేరు ఎత్తరు. పది నిమిషాలు బయట నిలబడమంటారు. అంతే.

ఆమె వరండాలో, ఎక్స్‌రే కోసం కూర్చున్న వాళ్ల మధ్య నిలబడింది. లోపల కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినిపించింది. ఫొటోలు తీస్తున్నారు. పూజకు ముందే సుధాకర్, యంత్రం ముందు భాగంలో ఆమె అంటించిన కాగితం చీటీలన్నీ పీకించాడు. ఫొటోలో అవి పడితే అసహ్యంగా ఉంటుందట.

స్రవంతికి ఇరవై ఆరేళ్లు. తల్లి జానమ్మ పంతొమ్మిదేళ్లు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఊక ఊడ్చింది. పొద్దున్నే వేములపల్లి నుంచి ఆటోలో పద్నాలుగు మంది ఆడవాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వెళ్లేవాళ్లు. సాయంత్రం వచ్చేసరికి కనురెప్పల మీద కూడా దుమ్ము ఉండేది. ముక్కుకు అడ్డం చీరకొంగు తప్ప ఆ మిల్లు యజమాని ఇంకేమీ ఇవ్వలేదు. ఇప్పుడు జానమ్మ నాలుగు అడుగులు వేస్తే ఒకచోట కూర్చోవాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, గాలి అందుకుని, మిగతా మాట పూర్తి చేస్తుంది.

ఊక మీద వచ్చిన కూలితోనే స్రవంతి కోదాడలో ఇంజినీరింగ్ చదివింది. ఆ కాలేజీ ల్యాబులో నలుగురికి ఒక కంప్యూటర్. కీబోర్డు ముందు కూర్చునేది ఎప్పుడూ ఒకే అబ్బాయి. మిగతా ముగ్గురూ చూసి రాసుకోవాలి. నాలుగేళ్లలో ఆమె తెర చూసింది ఎక్కువ, మీట నొక్కింది తక్కువ. ఒకసారి ధైర్యం చేసి చెయ్యి పెడితే ఏదో చెడిపోయింది. “దీన్నెవరు ముట్టుకోమన్నారు?” అని ల్యాబు సారు క్లాసు మొత్తం వినేలా అడిగాడు. చదువయ్యాక కోదాడ బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపులో రెండేళ్లు పనిచేసింది. గిరాకీ లేనప్పుడు అక్కడి పాత కంప్యూటర్లు విప్పి, బిగించి, వీడియోలు చూసి, పని నేర్చుకుంది. బాగానే నేర్చుకుంది. కానీ మీట నొక్కే ముందు వేలు ఒక్క క్షణం గాలిలో ఆగడం మాత్రం పోలేదు.

ఆసుపత్రిలో ఆమెది పర్మనెంటు ఉద్యోగం కాదు. కోదాడలో శ్రీనాథ్ అనే ఆయన నడిపే ఏజెన్సీ ద్వారా వచ్చింది. చేరిన రోజు సంతకం పెట్టమన్న కాగితంలో ఎనిమిదో షరతు, సమాచారం ఏదైనా పోతే బాధ్యత ఏజెన్సీ మనిషిదేనని చెబుతుంది. “అందరూ చదవకుండానే పెడతారమ్మా” అన్నాడు శ్రీనాథ్. ఆమె చదివే పెట్టింది. వేరే దారి లేదు కాబట్టి పెట్టింది.

ఆ ఎనిమిదో షరతు ఆమెను పగలంతా వెంటాడేది. ఎందుకంటే ఆసుపత్రిలో పోగొట్టుకోకూడనిది ఒకటి ఉంది.

పదకొండేళ్లుగా ఆ ఆసుపత్రి మిల్లు కార్మికులకు ఏటా ఛాతీ పరీక్షల శిబిరాలు పెట్టింది. ఆరు వేల ఎక్స్‌రేలు పోగుపడ్డాయి. అవన్నీ పాత కంప్యూటర్‌లోని ఒకే ఒక్క డిస్క్‌లో ఉన్నాయి. రెండో నకలు లేదు. మిల్లులో పనిచేసి ఊపిరి పాడైన నలభై ముగ్గురి తరఫున సక్కుబాయి అనే ఆమె నష్టపరిహారం కోసం కేసు వేసింది. సక్కుబాయి తండా మనిషి. తానూ ఊక ఊడ్చినామె, మిల్లు ఆడవాళ్ల సంఘానికి పెద్ద. గురువారం సూర్యాపేటలో విచారణ. శిబిరంలో మొదటిసారి తీసిన ఎక్స్‌రే, ఇప్పటి ఎక్స్‌రే, రెండూ పక్కపక్కన పెట్టి చూపించమని కేసు వింటున్న అధికారి ఆసుపత్రికి ఉత్తరువు పంపింది. ఇప్పటివి ఏ రోజైనా తీయవచ్చు. పదేళ్ల కిందటి ఊపిరిని మళ్లీ ఫొటో తీయలేరు. ట్రస్టు బోర్డులో ఇద్దరు మిల్లు యజమానులు ఉన్నారు. ఆ సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

నకలు తీయడానికి ఇంకో డిస్క్ కొనమని స్రవంతి మూడుసార్లు అడిగింది. బడ్జెట్ లేదన్నారు. అందుకని తనే ఒక ఉపాయం ఆలోచించింది. కొత్త సర్వర్‌కు ముందువైపు నాలుగు అరలుంటాయి. ఒక్కో అరలో ఒక్కో డిస్క్, అలమరలో సొరుగులాగా బయటికి లాగవచ్చు. మొదటి రెండూ యంత్రం తన కోసం పెట్టుకున్న చిన్నవి. మూడో అరలో ఎక్స్‌రేల డిస్క్ పెట్టింది. రిసెప్షన్ కెమెరాల పాత కంప్యూటర్ నుంచి తీసిన డిస్క్ నాలుగో అరలో పెట్టింది. దాన్ని ఎలాగూ తుడిచేయమనే సుధాకర్ చెప్పాడు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. నాలుగోది తుడిచి, మూడోదాంట్లోని ఎక్స్‌రేలను దానిలోకి నకలు చేస్తే, ఇన్నేళ్లలో మొదటిసారి అవి రెండుచోట్ల ఉంటాయి. తన పుస్తకంలో రాసుకుంది: మూడు, ఎక్స్‌రే. నాలుగు, కెమెరా.

సోమవారం తొమ్మిదిన్నరకు ఆ గదిలోకి వెళ్లింది. ఒకప్పుడు సెలైన్ సీసాలు పెట్టిన కొట్టు అది. కొబ్బరినీళ్ల పులిసిన వాసన ఇంకా పోలేదు.

సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పని అయిపోయిందని సూర్యాపేటలో అనుకుంటారు. నిజానికి భయపడాల్సిన పని అక్కడే మొదలవుతుంది. ఆ ఒక్క ఇనప యంత్రం లోపల నాలుగు కంప్యూటర్లను సృష్టించాలి. ఓపీ చీటీలకు ఒకటి, ల్యాబుకు ఒకటి, మందుల షాపుకు ఒకటి, ఎక్స్‌రేలకు ఒకటి. చేత్తో తాకడానికి అవి ఉండవు, పని మాత్రం చేస్తాయి. వాటికి చోటు చూపించడానికి ముందు అసలు యంత్రాన్ని చక్కదిద్దాలి. ఆసుపత్రిలోని మిగతా కంప్యూటర్లు వెతుక్కోగలిగేలా స్రవంతి దానికి మారని చిరునామా నంబరు ఇచ్చింది. దాని గడియారం ఎక్కడో వేరే దేశపు సమయం చూపిస్తుంటే మన సమయానికి తిప్పింది. రోజువారీ పనికని తక్కువ అధికారాలతో తన పేరు మీద ఒక ఖాతా తెరిచింది.

డిస్క్‌లను తుడవాలంటే మాత్రం ఆ ఖాతా చాలదు. రూట్ అనే పెద్ద ఖాతాతో వెళ్లాలి. రూట్ ఏం చెప్పినా యంత్రం చేసేస్తుంది, ఎందుకని అడగదు. పుట్టినప్పటి నుంచీ ప్రతి మాటకూ ఎవరో ఒకరు అడ్డం చెప్పడమే చూసిన పిల్లకు ఆ వినయం భయం పుట్టించింది.

పదకొండూ ఇరవైకి సుధాకర్ ఫోన్ వచ్చింది.

“ఏందమ్మా, ఇంకా కాలేదా? నాలుగింటికి చైర్మన్ సారు వచ్చి బటన్ నొక్కుతడు. అప్పటికల్లా నాకు నాలుగు మెషిన్లు కనపడాలె.”

“కెమెరా డిస్క్ తుడిచేది ఒక్కటుంది సార్. అది కాంగనే...”

“తుడువు మరి. ముహూర్తం గిట్ల చూస్తున్నవా? మేం శుక్రవారమే చూసినం గదా!” అని ఆయన నవ్వాడు. “లైన్ల ఉంటా, కానియ్యి.”

తెర మీద నాలుగో అర ఎదుట ప్రశ్న వచ్చింది. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని. మామూలుగా అయితే ఒకసారి తెరిచి చూసేది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఉంది. “అయిందా?” అంటున్నాడు ఆయన. పుస్తకం చూసుకుంది. నాలుగు, కెమెరా. వేలు గాలిలో ఆగింది. “అయిందా అమ్మా?” అన్నాడు మళ్లీ. నొక్కింది.

రెండు క్షణాలు కూడా పట్టలేదు.

“అయింది సార్.”

ఫోన్ పెట్టేసి, నకలు మొదలుపెడదామని మూడో అర తెరిచింది. రోగుల నంబర్లు కనపడాల్సిన చోట తేదీలు ఉన్నాయి. ఒకటి తెరిచింది. రిసెప్షన్ కౌంటరు, మూసి ఉన్న మందుల కిటికీ, బల్ల మీద కూర్చుని కునుకు తీస్తున్న రామలింగయ్య.

వేరేది తెరిచానేమో అనుకుంది. మూసి మళ్లీ తెరిచింది. మళ్లీ రామలింగయ్యే, అదే బల్ల, అదే కునుకు. గోడ పట్టుకుని కూర్చుంది. పదకొండేళ్ల ఊపిరి. నలభై ముగ్గురి కేసు. అందులో జానమ్మ ఒకతి. తన వేలితో తను.

రామలింగయ్యను పిలిచింది.

“తాతా, శుక్రవారం ఈ అరలు ఎవరన్న గుంజిన్రా?”

“ఎవలు గుంజుతరు బిడ్డా, మాకేం ఎరక వాటి సంగతి.”

ఆమె యంత్రాన్ని ఆపి నాలుగో అర బయటికి లాగింది. డిస్క్ పక్కభాగాన, బయటికి తీస్తే తప్ప వేలు పట్టని చోట, గుండ్రటి కుంకుమ బొట్టు ఉంది. పసుపు మీద కుంకుమ, ఎంతో శ్రద్ధగా పెట్టింది. ఆమె దాన్ని ఆయన ముందు పెట్టింది. రామలింగయ్య చూసి కింద కూలబడ్డాడు.

“పంతులన్నడు బిడ్డా, ఇనుమన్నంక అన్నిటికి బొట్టు పడాలె అని. పైకెళ్లి పెడితే రేకుకే పడుతది గదా అని గుంజిన. రెండు చేతుల్ల రెండు పట్టుకున్న. మల్ల పెట్టేటప్పుడు ఏది యాడిదో... రెండు ఒక్క తీరుగనే ఉండె.”

“చీటీలు అంటించిన గద తాతా.”

“సారు పీకిచ్చిండు గద.”

“నేనుంటే చెప్తుంటి.”

ఆయన తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. “నా పేరు చెప్పకు బిడ్డా. నాకింక రెండేండ్లే ఉన్నది. ఇంట్ల ముసల్దానికి రోజు ఇన్సులిన్ గావాలె.”

స్రవంతి సుధాకర్‌కు ఫోన్ చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. రామలింగయ్య పేరు ఎత్తలేదు, డిస్క్‌లు తారుమారయ్యాయని మాత్రం అంది. అరుస్తాడని కళ్లు మూసుకుంది.

“ఎవరికన్న చెప్పినవా?” అన్నాడు ఆయన, మెత్తగా.

“లే సార్.”

“చెప్పకు. పాత డిస్క్, దానంతట అదే కరాబయింది. నేను లెటర్ పంపిస్త, సంతకం పెట్టు. ఎక్స్‌రేలు మా దగ్గర లెవ్వని అధికారికి నేను రాస్త. నువ్వు ఆ రెండు డిస్క్‌లను కలిపేసి నాలుగింటికల్లా మెషిన్లు తయారు చెయ్యి. ఖతం.”

ఆ గొంతులో కోపం లేదు. ఏదో బరువు దిగినట్టుంది. అరిచినా అంత భయపడేది కాదు.

“సార్, తుడుచుకపోయింది ముందు భాగమే. పుస్తకం అట్ట, మొదటి పేజీలు చింపినట్టు. తక్కినయి అట్లనే ఉంటయి. దాని మీద వేరేది రాస్తేనే నిజంగ పోతయి. ఒక్క రోజు ఇయ్యండి, తీస్త.”

“నువ్వేం డాక్టరువా, సచ్చినోన్ని లేపనీకి? నాలుగింటికి.” ఫోన్ పెట్టేశాడు.

ఒప్పుకుంటే అంతా సులువు. ఒక సంతకం చాలు. ఉద్యోగం ఉంటుంది, రామలింగయ్య ఉంటాడు, ఎనిమిదో షరతు నిద్రపోతుంది. ఎదురు తిరిగితే, కావాలనే చెరిపిందని కేసు పెట్టినా అడిగేవాళ్లు లేరు. ఆ వాడ నుంచి వచ్చిన పిల్ల అంతకంటే ఏం చేస్తుందంటారు. స్రవంతి నల్లా దగ్గరికి వెళ్లి నీళ్లు తాగింది. ఇంటికి వెళ్లిపోదామా అనిపించింది. చెప్పులు వేసుకుంది కూడా.

అప్పుడే మెట్లెక్కి సక్కుబాయి వచ్చింది. సోమవారం మధ్యాహ్నం రమ్మని స్రవంతే చెప్పింది. చేతిలో అధికారి ఉత్తరువు, నలభై ముగ్గురి సంతకాలూ వేలిముద్రలూ ఉన్న కాగితం. వెంట ఇద్దరు మిల్లు ఆడవాళ్లు.

“తయారుగున్నయా బిడ్డా మా ఊపిరితిత్తులు?”

స్రవంతి చెప్పేసింది. ఏడుస్తూ చెప్పింది.

“తుడిసినవా?” సక్కుబాయి కేక వేసింది. “గింత సదువు సదివి సూడకుంట తుడిసినవా? నీ తల్లిది గూడ అండ్లనే ఉన్నది గదనే!”

“ఉన్నది.”

“మరేడుస్తవేంది? ఏడిస్తే వస్తయా? ఏం జేస్తే వస్తయో అది జెప్పు.”

ఏం చేస్తే వస్తాయో స్రవంతికి తెలుసు. చెరిగిన డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా దాన్ని మొత్తం చదవాలి. దొరికినవి దొరికినట్టు వేరే డిస్క్‌లో పోయాలి. ఆ వేరే డిస్క్ ఒక్కటే ఉంది, కెమెరాలది. దాన్ని ఖాళీ చేయాలి. అంటే ఆమె అదే ప్రశ్న ముందు కూర్చుని, అదే మీట రెండోసారి నొక్కాలి. ఈసారి తప్పితే ఇక చదవడానికి కూడా ఏమీ మిగలదు.

“నాతోని కాదక్కా. నా చెయ్యి లేస్తలేదు.”

“నీ ఒక్కదాని కన్ను మీద ఇడిసిపెడితే గిట్లనే అయితది. మేము సూస్తం. ఏం సూడాలె?”

ప్రతి డిస్క్ మీదా దానికే చెందిన ఒక పొడుగాటి నంబరు అచ్చయి ఉంటుంది. అదే నంబరు తెర మీదా కనిపిస్తుంది. అర మారినా అది మారదు. శుక్రవారమే రాసుకోవాల్సింది ఆ నంబరు. తొందరలో అర నంబరు రాసుకుంది. అది ఆమె తప్పు, ఆ మాట ఆమే అంది.

నంబరు మీద పసుపు కుంకుమ గడ్డకట్టి ఉన్నాయి. రామలింగయ్య వార్డులోకి పోయి స్పిరిట్, దూది తెచ్చాడు. పిలవకుండానే తెచ్చాడు. తను పెట్టిన బొట్టును తనే తుడిచాడు. తుడిచేటప్పుడు పెదవులు కదిలాయి, ఏ దేవుడికి ఏం చెప్పుకున్నాడో. కళ్లజోడు సరిచేసుకుని మూడో అర డిస్క్‌ను వెలుగుకు పట్టి ఒక్కో అంకె చదివాడు. స్రవంతి డిస్క్ లాగకముందే తెర మీద తెరిచి ఉంచిన నంబర్ల పట్టీలో వేలు పెట్టి అదే అంకెను తిరిగి అంది. సక్కుబాయి ఇద్దరి మధ్యా నిలబడి, అటూ ఇటూ చూసి, ప్రతి అంకెకూ “ఆఁ” అంది. అయ్యాక, “మల్ల మొదటికెళ్లి” అంది. మూడుసార్లు చదివించింది. మూడోసారికి రామలింగయ్య విసుక్కున్నాడు.

“నీకు అంకెలొస్తయా సక్కుబాయీ?”

“నాకు రావు గని, నీ మీద నమ్మకం అసలే రాదు. సదువు.”

స్రవంతి కెమెరా డిస్క్‌లో ఇంకో నాలుగు తేదీలు తెరిచి అందరికీ చూపించింది. రిసెప్షన్, రిసెప్షన్, రిసెప్షన్, మళ్లీ కునుకు. సక్కుబాయితో వచ్చిన ఆడవాళ్లు నవ్వారు. రామలింగయ్య తల తిప్పుకున్నాడు. ఆ నవ్వు మీదే ఆమె నొక్కింది. 

చదవడం పన్నెండూ నలభైకి మొదలైంది. తెర మీద ఒక గీత, చీమ నడిచినంత మెల్లగా. మధ్యలో కరెంటు పోతే అంతా మళ్లీ మొదటికి వస్తుంది. ఫ్యాను మెల్లబడినప్పుడల్లా అయిదుగురూ పైకి చూశారు. సుధాకర్ ఫోన్ తొమ్మిదిసార్లు మోగింది. ఆమె ఎత్తలేదు. ఎత్తకపోవడం ధైర్యమేమీ కాదు. ఎత్తితే ఆయన మాటకు తల ఊపేస్తానని భయం.

మూడున్నరకు ఆయనే వచ్చాడు. చేతిలో లెటర్ ఉంది. గడప మీద సక్కుబాయి కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె వెనక ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల వెనక ఎక్స్‌రే కోసం వచ్చిన జనం.

“లోపల పని నడుస్తున్నది సారూ. జర పది నిమిషాలు బయట నిలబడుండ్రి.”

అంతమందిలో ఆమెను దాటి అడుగు వేయలేక ఆయన లెటర్‌ను రామలింగయ్య చేతికిచ్చాడు. “సంతకం పెట్టించి తీస్కరా. లేకపోతే ఇద్దరి సంగతి చూస్త” అని సూపరింటెండెంటు గదిలోకి వెళ్లాడు. చైర్మన్ ఆ రోజు రాలేదు. రామలింగయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడి, చివరికి స్పిరిట్ సీసా కింద పెట్టాడు.

అయిదు దాటాక గీత చివరికి చేరింది. పేర్లు రావడం మొదలైంది. స్రవంతి జాబితా పట్టుకుని ఒక్కొక్కటే తెరిచింది. నల్లటి తెర మీద తెల్లటి పక్కటెముకలు, వాటి మధ్య నీడలు.

“ముందుగాల మీ అమ్మది సూసుకున్నవా లేదా?” అంది సక్కుబాయి.

“లే అక్కా.”

“అబద్ధం.”

“సూసుకున్న. ఉన్నది.”

“గట్ల చెప్పు.”

ఆరు వేలలో పదహారు రాలేదు. తుడుపు పడ్డ ముందు భాగంలో ఉన్నవి అవి. ఆ పదహారులో ఒకటి మాత్రమే కేసులోది. స్రవంతి జాబితా మీద ఆ పేరు చూసి చదవలేకపోయింది. కాగితం తిప్పి చూపించింది. సక్కుబాయికి అక్షరాలు రావు. తన పేరు ఎట్లా ఉంటుందో మాత్రం తెలుసు.

“నాదేనా?”

“నీదే అక్కా.”

సక్కుబాయి నవ్వబోయింది. “నా ఊపిరి ఎట్లుండెనో నాకెరుకే గదా, ఫొటో ఎందుకు” అంది. కేసు వేయడానికి ఆఫీసుల చుట్టూ రెండేళ్లు తిరిగింది ఆమె ఒక్కతే.

బుధవారం శ్రీనాథ్ కోదాడ నుంచి ఫోన్ చేశాడు. “ఏంటమ్మా నువ్వు చేసేది? నా కాంట్రాక్టు పోద్ది. ఆ లెటర్ మీద సంతకం పెట్టేస్తే నీకేం పోద్ది చెప్పు? రేపు సూర్యాపేట వెళ్లావంటే ఇక నా దగ్గరికి రాకు.” ఆమె సరేనండి అంది. దేనికి సరేనందో ఆయనకు అర్థం కాలేదు. ఆమెకూ ఆ రాత్రి దాకా తెలియలేదు. జానమ్మతో చెబితే, జానమ్మ గాలి అందుకుంటూ ఒకే మాట అంది. “నేను వద్దన్నా, పొమ్మన్నా... రేపు నా మాట మీదనే చేసిన అంటవు. నీ మాట... నువ్వే చూస్కో.”

గురువారం విచారణ గదిలో, స్రవంతి తీసిచ్చిన ఎక్స్‌రేలను సక్కుబాయి బల్ల మీద పెట్టగానే మిల్లు యజమానుల తరఫు వకీలు లేచాడు. ఆ ఎక్స్‌రేలు తమ వద్ద లేవని ఆసుపత్రి ఉత్తరం రాసింది, మరి ఈ నలభై రెండు ఎక్కడివని అడిగాడు. ఎవరైనా కంప్యూటర్లో తయారు చేసి ఉండవచ్చన్నాడు. అధికారి గది మొత్తం చూసింది.

“ఆసుపత్రి నుంచి ఎవరైనా వచ్చారా?”

స్రవంతి వెనక బెంచీలో ఉంది. లేవాలనుకుంది. లేవలేదు. అధికారి రెండోసారి అడిగి, తల దించి ఏదో రాయబోయింది. ఆ కలం కాగితాన్ని తాకడం చూసి లేచింది.

“నేను వచ్చిన మేడం.”

పేరు చెప్పింది, ఊరు చెప్పింది. ఏ డిస్క్‌లోంచి, ఏ రోజున, ఎవరి ఎదుట ఎక్స్‌రేలను బయటికి తీసిందో చెప్పింది. గుమాస్తా టైపు చేసి చదివి వినిపించాడు. సంతకం పెట్టమన్నారు.

“ఇంకో మాట రాయాలె మేడం. సక్కుబాయి గారి ఎక్స్‌రే సోమవారం పదకొండూ ఇరవై దాకా ఉండె. దాన్ని చెరిపింది నేను. తెరిచి చూడకుండ చెరిపిన. డిస్క్‌లు అటిటు చేసినాయన తెలియక చేసిండు. అవి అటిటు అయితుంటే చూసేందుకు నేను గదిల లేను. నన్ను బయట నిలబెట్టిన్రు. అది తెలిసే చేసిన్రు.”

వకీలు నవ్వాడు. అధికారి నవ్వలేదు.

“ఇది నీ మీదికే వస్తుంది. తెలుసా అమ్మా?”

“తెలుసు మేడం.”

“భయం లేదా?”

“ఉన్నది మేడం.”

గుమాస్తా ఆ మాటలు కూడా టైపు చేశాడు. శిబిరం రిజిస్టరులో సక్కుబాయి పేరు, తేదీ ఉన్నాయేమో ఆసుపత్రి నుంచి తెప్పించమని అధికారి కింద ఒక వాక్యం చేర్చింది. స్రవంతి సంతకం పెట్టింది.

బయట మెట్ల మీద ఉండగానే ఫోన్ మోగింది. సుధాకర్.

“రూట్ పాస్‌వర్డ్ చెప్పు. ఇప్పుడే.”

“ఫోన్ల చెప్పను సార్. రేపు పొద్దున వచ్చి, సూపరింటెండెంటు సారు ముంగట కాగితం మీద రాసిస్త. తీస్కున్నట్టు సంతకం పెట్టుండ్రి. ఎక్స్‌రేలకు రెండో నకలు ఇంకా తీయలేదు, అది గూడ రాస్త.”

“రేపు నువ్వు వచ్చేదే లేదు.”

“అయితే మీరే రాండి సార్ మా ఇంటికి. వేములపల్లిల అడిగితే ఎవరన్న చూపిస్తరు.”

ఫోన్ పెట్టేసింది. అదే క్షణంలో మళ్లీ మోగింది, ఈసారి కోదాడ నంబరు. సక్కుబాయి ఆ ఫోన్‌ను మోగుతుండగానే తీసుకుని కొంగున ముడి వేసుకుంది.

“బస్సెక్కేదాక ఇది నా దగ్గరుంటది. నడువు.”